జపాన్ పత్రికలలో స్వలింగ వివాహం: పుటను బట్టి మారే చిత్రణ

వ్యాస సంగ్రహం

స్వలింగ వివాహం విషయంలో జపాన్ జాతీయ దినపత్రికలు ఏ వైఖరి తీసుకున్నాయన్న ప్రశ్నకు సమాధానం చెప్పడం కష్టం కాదు. కొన్ని సమర్థించాయి, కొన్ని వ్యతిరేకించాయి, కొన్ని ఆచితూచి మాట్లాడాయి. ఆ వైఖరుల అడుగున అన్ని పత్రికలకూ ఉమ్మడిగా ఉన్న చిత్రణ పద్ధతిని వెలికితీయడం ఈ వ్యాసం లక్ష్యం. ఒకే జంట సమాజ పుటలో బాధితులుగా, రాజకీయ పుటలో ‘సమస్య’గా, సంపాదకీయంలో రాజ్యాంగ వ్యాఖ్యానానికి ఉదాహరణగా, సర్వేలో శాతంగా కనిపిస్తుంది. ఈ విభజన వల్ల పత్రికలు వివాహాన్ని కాక, వివాహానికి అనుమతి ఇవ్వాలా వద్దా అన్న చర్చను మాత్రమే చిత్రించాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: జపాన్ పత్రికలు, స్వలింగ వివాహం, వార్తా కథనం, శీర్షిక, సంపాదకీయం, రాజ్యాంగం 24వ అధికరణం

1. ప్రవేశిక

జి-7 దేశాలలో స్వలింగ జంటలకు వివాహాన్ని గానీ దానికి దగ్గరగా ఉండే చట్టబద్ధ బంధాన్ని గానీ జాతీయ స్థాయిలో కల్పించని దేశం జపాన్ ఒక్కటే. టోక్యో నగరంలోని షిబుయా వార్డు 2015 మార్చి 31న ఒక స్థానిక శాసనాన్ని ఆమోదించి, అదే ఏడాది నవంబరు 5 నుంచి స్వలింగ జంటలకు భాగస్వామ్య ధ్రువపత్రాలు ఇవ్వడం మొదలుపెట్టింది. సెతగయా వార్డు కూడా అదే రోజు తన పద్ధతిని ప్రారంభించింది. టోక్యో మహానగర ప్రభుత్వం 2022 నవంబరు 1న ఈ బాట పట్టింది. నేడు ఇటువంటి పద్ధతి గల స్థానిక సంస్థలు 500 దాటాయి. అయితే ఈ పత్రాలకు వారసత్వం, పన్ను రాయితీ, ఉమ్మడి సంతాన సంరక్షణ వంటి హక్కులను ఇచ్చే బలం లేదు.

ఆ బలం కోసం 2019 ఫిబ్రవరి 14న 13 జంటలు సప్పొరొ, టోక్యో, నగొయా, ఒసాకా జిల్లా కోర్టులను ఆశ్రయించాయి. అదే ఏడాది సెప్టెంబరులో ఫుకుఒకాలో మరో వ్యాజ్యం దాఖలైంది. ‘వివాహ స్వేచ్ఛ అందరికీ’ అన్న నినాదంతో సాగిన ఈ వ్యాజ్యాల వల్ల, అంతవరకు అడపాదడపా కనిపించిన విషయం పత్రికలలో నిత్య వార్తగా మారింది.

యొమియురి, అసాహి, మైనిచి, నిక్కెయ్, సాంకెయ్ అనే ఐదు జాతీయ దినపత్రికలు, వాటితోపాటు హొక్కైదో షింబున్, టోక్యో షింబున్ వంటి ప్రాంతీయ పత్రికలు జపాన్ ప్రజాభిప్రాయానికి చిరకాలంగా ఆధారంగా ఉన్నాయి. వాటి అంతర్నిర్మాణంలో ఒక విశేషం ఉంది. రాజకీయ విభాగం, సమాజ విభాగం, జీవన విభాగం వేర్వేరు విలేఖరులతో, వేర్వేరు సంప్రదాయాలతో పనిచేస్తాయి. ప్రధాని కార్యాలయంలోని విలేఖరుల క్లబ్బులో కూర్చునే వ్యక్తి వేరు, జిల్లా కోర్టు ద్వారం దగ్గర నిలబడే వ్యక్తి వేరు. ఈ కారణంగా ఒకే పత్రికలో ఒకే రోజున ఒకే విషయం గురించి రెండు భాషలు వినిపిస్తాయి. ఈ వ్యాసం వార్తలను లెక్కించే పద్ధతిని కాక, పదాలను, శీర్షికలను, కథన క్రమాన్ని చదివే సాహిత్య విమర్శ పద్ధతిని అనుసరిస్తుంది.

2. పదాలు మోసుకొచ్చిన చరిత్ర

జపాన్ పత్రికలు వాడే ‘దోసేకోన్’ అన్న మాటలో ‘దో’ అంటే ఒకే, ‘సే’ అంటే లింగం, ‘కోన్’ అంటే వివాహం. దీనికి ముందున్న మాట ‘దోసేఆయ్’. ‘ఆయ్’ అంటే ప్రేమ. తైషో యుగంలో, అంటే 1912-1926 మధ్య, స్థిరపడిన ఈ మాటలో ప్రేమ అన్న అర్థం ఉన్నా, దాని తొలి ప్రయాణం మాత్రం మృత్యువార్తలతో ముడిపడి ఉంది. 1911 జులైలో నీగాతా ప్రాంతంలోని ఇతోయిగవా వద్ద, టోక్యోలో కలిసి చదువుకున్న ఇద్దరు యువతులు కలిసి ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఘటనను దినపత్రికలు, మహిళా పత్రికలు విస్తృతంగా చర్చించాయి. స్త్రీల మధ్య ప్రేమ అనేది ఒక సామాజిక ప్రమాదంగా, బాలికల విద్యకు సంబంధించిన ఆందోళనగా అప్పుడే పత్రికల భాషలోకి ప్రవేశించింది.

జపాన్ సాహిత్యంలో ప్రేమికుల జంట మరణానికి ‘షింజూ’ అన్న పేరు ఉంది. చికమత్సు మొంజయెమోన్ (1653-1725) బొమ్మలాట నాటకాలు దీనికి గొప్ప కావ్యగౌరవం ఇచ్చాయి. అయితే అదే మరణం ఇద్దరు యువతులదైనప్పుడు పత్రికలు కావ్యభాషను వదిలి వైద్యభాషను, నీతిభాషను ఎంచుకున్నాయి. కలిసి బతకడానికి సమాజంలో చోటు లేని ఇద్దరిని కలిసి చనిపోయిన తరువాతే వార్తగా చూడటం ఈ చిత్రణకు తొలి దశ. మెయిజి కాలపు నాలుగు పుటల పత్రికలో ఇటువంటి ఘటనలు మూడో పుటలో వచ్చేవి. ‘మూడో పుట వార్త’ అన్న పలుకుబడి జపనీయ భాషలో ఇప్పటికీ ఉంది. నేటి సమాజ పుట దాని వారసురాలే.

చట్టం వైపు నుంచి చూస్తే జపాన్ చరిత్ర భారతదేశ చరిత్రకు భిన్నమైనది. పురుషుల మధ్య శారీరక సంబంధాన్ని నేరంగా చూసిన నిబంధన జపాన్‌లో 1870లలో కొద్దికాలం మాత్రమే ఉంది. 1882లో అమలుకు వచ్చిన శిక్షాస్మృతిలో అది లేదు. భారతదేశంలో 377వ సెక్షన్ 1860ల నుంచి 2018 సెప్టెంబరు 6 వరకు వయోజనుల సమ్మతి సంబంధాలనూ నేరంగానే ఉంచింది. కనుక మన దేశంలో ఈ విషయం పత్రికలలోకి నేరవార్తగా వచ్చింది. జపాన్‌లో నేరం లేదు గనుక అది ‘వ్యక్తిగత అభిరుచి’గా, మాట్లాడనవసరం లేనిదిగా మిగిలింది. శిక్ష లేకపోవడమే వివక్ష లేదనడానికి ఆధారంగా చూపడం ఈ మౌనానికి ఊతమిచ్చింది.

ఆ మౌనం కూడా సమానంగా పంచబడినది కాదు. 1985 మార్చిలో జపాన్‌లో తొలి ఎయిడ్స్ రోగిగా ప్రభుత్వం అమెరికాలో నివసించే ఒక స్వలింగ ప్రేమికుణ్ణి ప్రకటించింది. రక్త ఉత్పత్తుల ద్వారా హీమోఫీలియా రోగులకు సోకిన వ్యాధి అప్పటికే వెలుగులోకి వస్తున్నప్పటికీ ఆ ప్రకటన వల్ల వ్యాధికీ ఒక వర్గానికీ ముడి పడింది. 1990లో టోక్యో మహానగర విద్యాధికారులు ఫుచు యువజన వసతిగృహాన్ని స్వలింగ ప్రేమికుల సంఘానికి ఇవ్వడానికి నిరాకరించగా, 1997 సెప్టెంబరులో టోక్యో హైకోర్టు ఆ నిరాకరణ తప్పని తీర్పు చెప్పింది. వివాహ వ్యాజ్యాలకు ముందు ఈ అంశంపై వచ్చిన ప్రధాన తీర్పు ఇదే. అంటే దాదాపు ఒక శతాబ్దకాలంలో పత్రికల పాఠకుడు స్వలింగ జంటను మరణవార్తలో, వ్యాధివార్తలో, వ్యాజ్యవార్తలో చూశాడు. కాపురంలో చూసింది తక్కువ.

3. సమాజ పుట: బాధ చెప్పుకుంటేనే మనుషులు

2021 మార్చి 17న సప్పొరొ జిల్లా కోర్టు, స్వలింగ జంటలకు వివాహ ప్రయోజనాలేవీ అందకుండా చేయడం సమానత్వాన్ని చెప్పే 14వ అధికరణానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. జపాన్‌లో ఇటువంటి తీర్పు అదే మొదటిది. ముఖ్యమైన తీర్పు వెలువడగానే న్యాయవాదులు కోర్టు బయటికి వచ్చి, తీర్పు సారాంశం రాసిన పొడవాటి పత్రాన్ని విప్పి చూపడం జపాన్‌లో ఆనవాయితీ. ఆ రోజున ‘రాజ్యాంగ విరుద్ధం’ అన్న అక్షరాలు, వాటి పక్కన ఇంద్రధనుస్సు జెండా, కన్నీళ్లు తుడుచుకుంటున్న వాదులు కనిపించిన చిత్రమే తరువాతి తీర్పులన్నింటికీ పత్రికలలో నమూనా అయింది.

ఈ దృశ్యం ఒక విషయాన్ని చెప్పి, మరొక విషయాన్ని కప్పుతుంది. వాదులు ఒక్కొక్కరికి 10 లక్షల యెన్ పరిహారం కోరారు. సప్పొరొ కోర్టు ఆ అభ్యర్థనను కొట్టివేసింది. సాంకేతికంగా వాదులు ఓడిపోయారు. అయినా శీర్షికలు రాజ్యాంగ విరుద్ధత అన్న నిర్ణయాన్నే పైకి తెచ్చాయి. ఈ ఎంపిక సరైనదే. ఎందుకంటే ఆ వ్యాజ్యానికి డబ్బు ఒక సాధనం మాత్రమే. శీర్షిక అనేది తీర్పుకు సంక్షిప్త రూపం కాదనీ, తీర్పుపై వ్యాఖ్యానమనీ ఇక్కడ స్పష్టమవుతుంది.

2022 నవంబరు 30న టోక్యో జిల్లా కోర్టు తీర్పు వచ్చినప్పుడు శీర్షికకున్న ఈ వ్యాఖ్యాన శక్తి మరింత బాగా కనిపించింది. స్వలింగ వివాహానికి చోటు లేని ప్రస్తుత నిబంధనలు రాజ్యాంగబద్ధమేనని ఆ కోర్టు చెప్పింది. స్వలింగ జంటలు కుటుంబంగా మారడానికి ఏ చట్టబద్ధ మార్గమూ లేకపోవడం మాత్రం ‘రాజ్యాంగ విరుద్ధ స్థితి’ అని కూడా చెప్పింది. జపనీయంలో ‘ఇకెన్’ అంటే రాజ్యాంగ విరుద్ధం, ‘ఇకెన్ జోతాయ్’ అంటే రాజ్యాంగ విరుద్ధ స్థితి. చివరనున్న ‘స్థితి’ అన్న ఒక్క మాట తీర్పు తీవ్రతను తగ్గించి, చట్టసభకు గడువు ఇస్తుంది. ఒకే తీర్పుకు ‘రాజ్యాంగబద్ధం’ అనీ, ‘రాజ్యాంగ విరుద్ధ స్థితి’ అనీ రెండు రకాల శీర్షికలు వార్తామాధ్యమాలలో వచ్చాయి. రెండూ అబద్ధాలు కావు. శీర్షిక మాత్రమే చదివిన ఇద్దరు పాఠకులు రెండు వేర్వేరు తీర్పులను చదివినట్టే లెక్క.

సమాజ పుట కథనాలకు స్థిరమైన నిర్మాణం ఒకటి ఏర్పడింది. మొదట జంట కలిసి గడిపిన సంవత్సరాల లెక్క వస్తుంది. తరువాత అద్దె ఇల్లు దొరకకపోవడం గానీ ఆసుపత్రిలో ఎదురైన నిరాకరణ గానీ వస్తుంది. చివరగా సాధారణంగా బతకాలన్న కోరిక వస్తుంది. టోక్యో వాదులలో ఒకరు తీర్పు చూడకుండానే 2021 జనవరిలో మరణించారు. ఆసుపత్రిలో తాను భాగస్వామినని చెప్పినా బంధువు కాదన్న కారణంతో వైద్యుడు పరిస్థితి వివరించలేదని ఆయన సహచరుడు తెలిపాడు. చట్టం లేకపోవడం అంటే ఏమిటో ఏ న్యాయశాస్త్ర వ్యాసమూ ఇంత సూటిగా చెప్పలేదు. ఈ కథనాల విలువ కాదనలేనిది.

అయితే ఈ నిర్మాణంలోనే ఒక పరిమితి ఉంది. స్త్రీపురుషుల జంట వివాహ నమోదుకు వెళ్లినప్పుడు ఎన్నేళ్లు కలిసి ఉన్నారని, ఎంత బాధపడ్డారని ఎవరూ అడగరు. వార్డు కార్యాలయంలో ఒక పత్రం సమర్పిస్తే చాలు. స్వలింగ జంట మాత్రం పత్రిక పుటలో తన యోగ్యతను నిరూపించుకోవలసి వస్తుంది. దీర్ఘకాల సహజీవనం, ఓర్పు, వ్యాధి, మరణం ఆ యోగ్యతకు సాక్ష్యాలు. ‘తోజిషా’ అంటే సంబంధిత వ్యక్తి. పత్రికలు వాడే ఈ మాట గౌరవవాచకమే అయినా, ఆ వ్యక్తిని సమస్యకు ప్రతినిధిగా మారుస్తుంది. కోపిష్ఠి, సోమరి, మూడేళ్లకే విడిపోయే మనిషి ఈ కథనాలలో కనిపించడు. వివాహ హక్కు మాత్రం అటువంటి స్త్రీపురుషులకు కూడా ఉంది.

ముఖం చూపని ఛాయాచిత్రం ఈ పుటలోని మరో లక్షణం. కొందరు వాదులు పేరు మార్చుకుని, వెనుక నుంచి తీసిన చిత్రంతోనే పత్రికలలో కనిపించారు. ఒకరి లైంగిక గుర్తింపును వారి అనుమతి లేకుండా బయటపెట్టడం వల్ల కలిగే హాని దృష్ట్యా ఈ జాగ్రత్త అవసరమే. హక్కుల సంఘాల సమాఖ్య ఒకటి 2019లో విలేఖరులతో కలిసి రూపొందించిన వార్తా మార్గదర్శకాలు కూడా దీన్నే నొక్కిచెప్పాయి. కానీ పాఠకుని మనసులో ఏళ్ల తరబడి నిలిచేది వీపు మాత్రమే అయినప్పుడు, పొరుగింటి మనిషి అన్న భావన ఏర్పడటం కష్టం.

4. రాజకీయ పుట: ‘మారిపోతుంది’ అన్న క్రియ

సమాజ పుటలో కన్నీరు పెట్టిన మనిషి రాజకీయ పుటకు వచ్చేసరికి ‘కుటుంబ వ్యవస్థ మూలాలకు సంబంధించిన విషయం’ అవుతుంది. దీనిపై అత్యంత జాగ్రత్తగా పరిశీలన జరగాలన్నది ప్రభుత్వం వరుసగా వాడిన సూత్రవాక్యం. 2015 ఫిబ్రవరిలో ప్రధాని అబె షింజో, ప్రస్తుత రాజ్యాంగం కింద స్వలింగ జంటల వివాహం ‘ఊహించబడలేదు’ అన్న అర్థంలో చట్టసభలో సమాధానం చెప్పారు. ఊహించలేదనడం వేరు, నిషేధించిందనడం వేరు. మొదటిది చట్టం చేయడానికి అడ్డు కాదు. ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని విప్పి చూపే అవకాశం రాజకీయ పుటకు ఉంది. సూత్రవాక్యాన్ని ఉన్నదున్నట్టు అచ్చువేసినప్పుడల్లా ఆ అవకాశం జారిపోయింది.

2023 ఫిబ్రవరి 1న ప్రధాని కిషిద ఫుమియో, ఈ విషయం వల్ల కుటుంబ దృక్పథం, విలువలు, సమాజం మారిపోతాయన్న అర్థంలో చట్టసభలో మాట్లాడారు. ఆయన వాడిన క్రియారూపం ‘కవత్తె షిమావు’. ‘కవరు’ అంటే మారు. ‘షిమావు’ అన్న సహాయక క్రియ చేరితే తిరిగి రానితనం, చాలా సందర్భాలలో చింత కూడా ధ్వనిస్తాయి. ఆంగ్లానువాదంలో ఈ ధ్వని సులభంగా మాయమవుతుంది. తెలుగులో మాత్రం ‘మారుతుంది’, ‘మారిపోతుంది’ అన్న రెండు రూపాల మధ్య ఉన్న తేడా దాదాపు అదే. ‘పోవు’ అన్న మన సహాయక క్రియ ‘షిమావు’ చేసే పనినే చేస్తుంది. తాను ప్రతికూలంగా మాట్లాడలేదని ప్రధాని తరువాత చెప్పుకున్నారు. వాక్యంలో ప్రతికూల పదం ఏదీ లేదు కూడా. ప్రతికూలత అంతా సహాయక క్రియలో ఉంది. జపాన్‌లో విమర్శలు ఆ క్రియ చుట్టూనే సాగడం, వ్యాకరణం రాజకీయమయ్యే తీరుకు చక్కని ఉదాహరణ.

రెండు రోజుల తరువాత, ఫిబ్రవరి 3 రాత్రి, ప్రధాని ప్రసంగాల తయారీలో పాలుపంచుకొనే కార్యదర్శి అరాయ్ మసయోషి విలేఖరులతో ముచ్చటిస్తూ, స్వలింగ జంటలను చూడటం తనకు ఇష్టం లేదని, వారు పొరుగున ఉండటం కూడా నచ్చదని, స్వలింగ వివాహం వస్తే దేశాన్ని వదిలిపోయేవారు ఉంటారని అన్నారు. ఆ సంభాషణ పేరు చెప్పి ప్రచురించకూడదన్న ఒప్పందంతో జరిగింది. అక్కడ పలు సంస్థల విలేఖరులు ఉన్నారు. మైనిచి పత్రిక మాత్రం ఆ మాటలు మానవ హక్కులకు సంబంధించిన తీవ్ర విషయమని తమ సంపాదక స్థాయిలో నిర్ణయించి, ఆయనకు ముందుగా తెలియజేసి, అదే రాత్రి వార్తను వెలువరించింది. ఆయన మాటలు ఉపసంహరించుకున్నారు. మరుసటి రోజు పదవి కోల్పోయారు.

ఈ ఘటనను పత్రికా నీతికి సంబంధించిన చర్చగా మాత్రమే చూడటం చాలదు. ఒప్పందాన్ని ఉల్లంఘిస్తే అధికారులు ఇక ముందు మనసు విప్పి మాట్లాడరన్న అభ్యంతరంలో కొంత నిజం ఉంది. కానీ విధాన నిర్ణేతకు దగ్గరగా ఉన్న అధికారి ద్వేషం పాఠకునికి తెలియకుండా ఉండటం వల్ల కాపాడబడేది ఎవరు అన్న ప్రశ్న అంతకన్నా పెద్దది. మైనిచి చేసిన పని వల్ల రాజకీయ పుటకూ సమాజ పుటకూ మధ్య గోడ ఒక రాత్రి కూలింది. ‘జాగ్రత్తగా పరిశీలన’ అన్న సూత్రవాక్యం వెనుక ఎటువంటి మాటలు ఉండగలవో పాఠకుడు చూశాడు.

ఆ వెంటనే చర్చ ఎల్‌జీబీటీ అవగాహన పెంపు చట్టం వైపు మళ్లింది. 2023 జూన్ 16న ఆమోదం పొందిన ఆ చట్టంలో వివాహం ప్రస్తావన లేదు. వివక్షను సహించరాదన్న తొలి ప్రతిపాదనలోని పలుకు, ‘అన్యాయమైన వివక్ష’ ఉండరాదన్న పలుకుగా మారింది. అన్యాయం కాని వివక్ష ఏదైనా ఉంటుందా అన్న ప్రశ్న సహజంగా తలెత్తింది. చట్టం పేరులోని ‘రికాయ్’, అంటే అవగాహన, పత్రికల భాషలో కూడా కేంద్రపదం. ప్రజల అవగాహన పెరగాలి, పెరుగుతోంది, ఇంకా పెరగలేదు అన్న వాక్యాలలో హక్కు అనేది మెజారిటీ మనసు మారేదాకా వాయిదా పడే వస్తువవుతుంది. హిరోషిమాలో 2023 మేలో జి-7 సమావేశం జరగనుండటంతో ‘జి-7లో జపాన్ ఒక్కటే’ అన్న వాక్యం కూడా ఆ నెలల్లో మరింతగా వినిపించింది. ఆ వాక్యం నిజమే. అయితే అది ప్రశ్నను పౌరుల హక్కు నుంచి దేశ పరువు వైపు జరుపుతుంది.

5. సంపాదకీయ పుట: ఒక వాక్యం, రెండు గీతలు

1947 మే 3న అమలులోకి వచ్చిన జపాన్ రాజ్యాంగం 24వ అధికరణం, వివాహం ‘ర్యోసే’ సమ్మతి ‘నోమి’ ఆధారంగా ఏర్పడుతుందని చెబుతుంది. ‘ర్యోసే’ అంటే రెండు లింగాలు. ‘నోమి’ అంటే మాత్రమే. సంపాదకీయాల వివాదమంతా ఈ రెండు పదాలలో దేని కింద గీత గీయాలన్నదే.

సాంకెయ్ ‘ర్యోసే’ కింద గీత గీసింది. రెండు లింగాలంటే స్త్రీపురుషులేననీ, పిల్లలను కని పెంచే బంధాన్ని రక్షించడానికే వివాహ వ్యవస్థ ఉందనీ ఆ పత్రిక వాదం. 2022 జూన్ 20న వివాహ నిబంధనలు రాజ్యాంగబద్ధమని చెప్పిన ఒసాకా జిల్లా కోర్టు కూడా సంతానోత్పత్తి ఆధారంగానే మాట్లాడింది. అసాహి, మైనిచి, టోక్యో షింబున్ చట్టసభ కదలాలని కోరాయి. ఆ వాదానికి ఊపిరి ‘నోమి’ అన్న పదం. యొమియురి సామాజిక ప్రభావాన్ని, లోతైన చర్చ అవసరాన్ని ప్రస్తావిస్తూ మధ్యలో నిలిచింది.

చరిత్ర ‘నోమి’ పక్షాన బలంగా ఉంది. 1898 నాటి పౌరస్మృతి కింద వ్యక్తి ‘ఇఎ’ అనే గృహవ్యవస్థలో భాగం. వివాహానికి ఇంటి యజమాని సమ్మతి కావలసివచ్చేది. 1946 ఫిబ్రవరిలో ఆక్రమిత సైన్యపు ముసాయిదా బృందంలో 22 ఏళ్ల బెయతె సిరోత స్త్రీల హక్కుల అంశాన్ని రాసినప్పుడు, వధూవరులను ఆ ఇంటి పెత్తనం నుంచి విడిపించడమే లక్ష్యం. స్వలింగ జంటలను మినహాయించడం అప్పటి ఉద్దేశమని చెప్పడానికి ఆధారం లేదు. వారు ఆ ఆలోచనలోనే లేరు. సాంకెయ్ వాదం పదానికి విధేయంగా ఉంది. వాక్యానికి విధేయంగా లేదు. అయితే సమర్థక పత్రికలు కూడా ‘ర్యోసే’ అన్న పదాన్ని ఎదుర్కోకుండా పక్కదారిన దాటిపోవడం వల్ల వాటి వాదం కొన్నిచోట్ల బలహీనపడింది. ఆ పదాన్ని నేరుగా ఎదుర్కొన్నది సప్పొరొ హైకోర్టు. 2024 మార్చి 14న అది, ఆ అధికరణం మనిషికీ మనిషికీ మధ్య స్వేచ్ఛాబంధంగా వివాహాన్ని చూస్తుందని, కనుక స్వలింగ వివాహానికి కూడా అదే స్థాయి రక్షణ ఉందని చెప్పింది. అదే ఏడాది డిసెంబరు 13న ఫుకుఒకా హైకోర్టు సుఖాన్ని అన్వేషించే హక్కును చెప్పే 13వ అధికరణాన్ని ఆధారం చేసుకుంది. ఐదు హైకోర్టు తీర్పులు వరుసగా ప్రస్తుత చట్టాన్ని తప్పుపట్టిన తరువాత, 2025 నవంబరు 28న టోక్యో హైకోర్టులోని మరో ధర్మాసనం రాజ్యాంగబద్ధమని తీర్పు చెప్పింది. తుది మాట సుప్రీం కోర్టుది.

6. లెక్కలలో మనిషి

2018 వేసవిలో ‘షించో 45’ మాసపత్రికలో పార్లమెంటు సభ్యురాలు సుగిత మియో రాసిన వ్యాసం, స్వలింగ జంటలు పిల్లలను కనరు గనుక వారికి ‘ఉత్పాదకత’ లేదన్న మాటతో దుమారం లేపింది. ఆ వ్యాసం మొదలైంది మాత్రం పత్రికల మీద ఫిర్యాదుతో. ఏడాది కాలంలో ఎల్‌జీబీటీ అన్న మాట మైనిచిలో 300, అసాహిలో 260, యొమియురిలో 159, సాంకెయ్‌లో 73 వార్తలలో వచ్చిందని ఆమె లెక్క చూపారు. అతిగా రాస్తున్నారన్నది ఆమె వాదం. కనిపించడమే నేరమన్న ఈ ధోరణి, ఇతోయిగవా నాటి భయానికి కొత్త రూపం. విమర్శల వెల్లువలో ఆ మాసపత్రిక అదే ఏడాది సెప్టెంబరులో ప్రచురణ నిలిపివేసింది.

పత్రికలు జరిపే సర్వేలు దీనికి ఎదురుగా నిలిచే లెక్కలు. అసాహి సర్వేలో స్వలింగ వివాహాన్ని చట్టం అంగీకరించాలన్నవారు 2015లో 41 శాతం, 2021లో 65 శాతం, 2023 ఫిబ్రవరిలో 72 శాతం. అదే ఫిబ్రవరిలో సాంకెయ్ తన అనుబంధ టీవీ సంస్థతో కలిసి జరిపిన సర్వేలో అనుకూలురు 71 శాతం. సంపాదకీయంలో ఎదురెదురుగా ఉన్న రెండు పత్రికల సర్వేలు ఒక్క శాతం తేడాతో కలిశాయి. తన పాఠక సమాజం ఎక్కడ ఉందో సాంకెయ్ సర్వే చెప్పింది. సంపాదకీయం మాత్రం అక్కడికి వెళ్లలేదు. మెజారిటీ అభిప్రాయాన్ని అనుసరించడం సంపాదకీయ ధర్మం కాదన్నది నిజమే. అయితే ప్రజల అవగాహన ఇంకా రాలేదన్న వాదాన్ని ఆ తరువాత ఏ పత్రికా నిజాయితీగా వాడలేదు.

సర్వే ప్రశ్నలలో, శీర్షికలలో కనిపించే ‘మితొమెరు’ అన్న క్రియను కూడా గమనించాలి. గుర్తించు, అనుమతించు, ఒప్పుకొను అన్న మూడు అర్థాలనూ అది ఒకేసారి మోస్తుంది. ఉన్న బంధాన్ని గుర్తించడం వేరు, లేని హక్కును దయతో అనుమతించడం వేరు. తెలుగులో ఈ మూడింటికి మూడు క్రియలున్నాయి గనుక తేడా తెలుస్తుంది. జపనీయంలో ఒకే క్రియ ఉండటం వల్ల, సర్వేకు జవాబిచ్చే వ్యక్తి తెలియకుండానే అనుమతి ఇచ్చే పెద్దమనిషి స్థానంలో కూర్చుంటాడు.

7. తెలుగు పాఠకునికి ఈ పరిశీలన

ఈ విశ్లేషణ తెలుగు పత్రికా భాష వైపు కూడా చూపు మళ్లిస్తుంది. 2023 అక్టోబరు 17న స్వలింగ వివాహ హక్కును భారత సుప్రీం కోర్టు నిరాకరించిన కేసులో హైదరాబాద్‌లో నివసించే జంట పిటిషనర్లుగా ఉన్నారు. కనుక విషయం తెలుగు నేలకు దూరమైనది కాదు. అయినా తెలుగు పత్రికలలో విరివిగా కనిపించే మాట ‘స్వలింగ సంపర్కులు’. జపనీయ పదంలో ప్రేమ ఉంది, తెలుగు పదంలో సంపర్కం ఉంది. భార్యాభర్తలను వారి శయ్యతో నిర్వచించే మాటను ఏ పత్రికా వాడదు. ఈ జంటలకు మాత్రం అదే పేరుగా నిలిచింది. 24వ అధికరణాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు కూడా చిక్కుంది. ‘ర్యోసే’ను మాటకు మాటగా ‘ఉభయలింగాలు’ అంటే తెలుగులో అర్థమే మారుతుంది. ‘ఉభయుల సమ్మతి’ అంటే లింగప్రస్తావన పోయి, సప్పొరొ హైకోర్టు వ్యాఖ్యానమే అనువాదంలో చేరిపోతుంది. ఏ అనువాదమూ ఇక్కడ తటస్థం కాదు.

8. ముగింపు

జపాన్ పత్రికలు స్వలింగ వివాహాన్ని చర్చకు తెచ్చాయి, తీర్పులను ఇంటింటికీ చేర్చాయి, ఒక సందర్భంలో అధికార పీఠం దగ్గరి ద్వేషాన్ని బయటపెట్టాయి. ఈ మూడూ చిన్న పనులు కావు. అయితే పుటల విభజన వల్ల మనిషి ఒకచోట, అతని హక్కు మరొకచోట, అతన్ని గురించిన అభిప్రాయం వేరొకచోట మిగిలిపోయాయి. బాధ ద్వారా యోగ్యతను, అవగాహన ద్వారా వాయిదాను, దేశ పరువు ద్వారా అవసరాన్ని చెప్పే మూడు కథన మార్గాలు స్థిరపడ్డాయి. సమర్థించే పత్రికలు కూడా వీటి నుంచి బయటపడలేదు.

వేరొక మార్గం సాధ్యమేనని చూపే ఉదాహరణ పత్రికా రచన బయట దొరుకుతుంది. నాగసాకి ప్రాంతంలోని ఒమురా పురపాలక సంఘం 2024 మేలో ఇద్దరు పురుషుల నివాస పత్రంలో ఒకరి బంధుత్వాన్ని ‘భర్త (నమోదు కాలేదు)’ అని రాసి ఇచ్చింది. నమోదు లేకుండా కలిసి ఉంటున్న స్త్రీపురుషులకు వాడే గడినే వారికీ వాడింది. ఆచరణలో ఇబ్బందులు రావచ్చని కేంద్ర మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. ఆ పత్రంలో బాధ లేదు, వాదం లేదు, శాతం లేదు. ఇంటి చిరునామా, ఇద్దరి పేర్లు, వారి బంధుత్వం ఉన్నాయి. స్వలింగ జంట గురించి వార్త రాసే విలేఖరి పాటించవలసిన కొలమానం అదే: అదే వాక్యాన్ని స్త్రీపురుషుల జంట గురించి రాస్తే వింతగా అనిపిస్తుందా అని పరీక్షించుకోవడం. ఈ పరీక్ష జపాన్ పత్రికలకు ఎంత అవసరమో తెలుగు పత్రికలకూ అంతే అవసరం.